అంబ్రోయిజ్‌కు గిట్టని ఈల

ఫ్రాన్స్‌లో, నాంత్ ఊళ్లోని మా నాట్యశాలలో తాళ్ల పనివాళ్లకు పెద్ద అంబ్రోయిజ్ లె ఫ్లోక్. తెరలూ, అట్ట మేఘాలూ, అట్ట చంద్రుడూ ఆయన మనుషుల చేతుల్లోనే లేచేవి, దిగేవి. వాళ్ల తాతలు ఓడల మీద తెరచాపలు లాగినవాళ్లు. ఓడ పని తగ్గాక నాట్యశాలలో తాళ్లు పట్టుకున్నారు. ఓడ మీద ఎలాగో ఇక్కడా అలాగే ఈలలతో సైగలు చేసుకున్నారు. అందుకే మా దగ్గర ఇంకెవరూ ఈల వేయకూడదు. తర్వాత సైగలకు గంటలూ దీపాలూ వచ్చాయి గానీ ఆ కట్టుబాటు పోలేదు. అంబ్రోయిజ్ దగ్గర అసలే పోదు. ఆయన కుర్రతనంలో ఒక నర్తకుడు సరదాకి ఈల వేస్తే, పైనున్నవాడు సైగ అనుకుని తాడు వదిలేశాడు. ఆ తాడుకు వేలాడే దూలం వచ్చి అంబ్రోయిజ్ వాళ్లన్న భుజం మీద పడింది. ఆ అన్న మళ్లీ ఆ చేయి ఎత్తలేదు.

ఇలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు మారివోన్. మా వాద్యబృందంలో చివరి వరసలో నిలబడి తాళాలూ ట్రయాంగిలూ వాయించేది. నేను అక్కడ రిహార్సల్ పియానో వాయించేదాన్ని. నాకు కాస్త నోరెక్కువ, అందుకని గొడవలన్నిటికీ నన్నే పంపేవారు.

ఒక శీతాకాలం కొత్త బ్యాలే ఒకటి మొదలుపెట్టాం. జ్వరంతో పడుకున్న పాప కల అది. గోడ కాగితం మీది పిట్టలు లేచి, పాపను మంచంతో సహా తోటలోకి లాక్కుపోతాయి. రాసినాయన తన చిన్నప్పటి జ్వరం తలచుకుని రాశాడట. సంగీతమంతా వేణువులూ, హార్పూ, గుసగుసలాడే వయొలిన్లూ. మంచం తోటలో ఆగగానే అవన్నీ ఊరుకుంటాయి, ఒకే ఒక్క పిట్ట కూస్తుంది. అది నీళ్లు పోసి ఊదే రేకు పిట్ట, సంతలో పిల్లలకు కొనిపెట్టేలాంటిది. ఊదాల్సింది మారివోన్. ఇన్నేళ్లకు ఒక్క పాట తన ఒక్కదానికే దక్కిందని ఆ పిల్ల పొంగిపోయింది.

పారిస్ నుంచి వచ్చిన సంగీత సంచాలకుడు దెల్మాస్‌కు మా కట్టుబాటు చెప్పినా చెవికెక్కలేదు. మొదటి రిహార్సల్లో పిట్ట కూసింది. అంతే, మంటలు లేస్తే దించే ఇనుప తెరను అంబ్రోయిజ్ దబ్బున దించేశాడు. ఊదింది కన్నకూతురని తెలిసి కూడా అంబ్రోయిజ్ తన మనుషులందర్నీ వెంటబెట్టుకుని ఎదురు కేఫ్‌కు పోయి మస్కాదె వైన్ తెప్పించుకున్నాడు.

రాయబారానికి నేనే వెళ్లాను. అది ఈల కాదు, పిల్లలు ఆడుకునే పిట్ట అని నచ్చజెప్పబోయాను.

"పైన తాడు పట్టుకున్నవాడికి ఆ తేడా ఏం తెలుస్తుంది మేడమ్? నేనుండగా ఆ కప్పు కింద కుదరదు," అన్నాడు.

కప్పు కింద కుదరకపోతే కప్పు బయటే ఊదుతుందన్నాను. దానికి ఒప్పుకున్నాడు. అప్పటినుంచి మారివోన్ వెనక పెరట్లో బొగ్గుల కుప్ప పక్కన నిలబడి ఊదేది. ఓరగా తెరిచిన తలుపు దగ్గర నేను స్వరాల కాగితం చూసుకుంటూ సరైన సమయానికి చేయి ఊపేదాన్ని. వాన పడితే గొడుగు కూడా నేనే పట్టాలి. నిజానికి పిట్ట ఎక్కడో దూరపు తోటలో కూసినట్టే వినిపించేది, జనం మురిసిపోయేవారు. ఆ ఆలోచన తనదేనని దెల్మాస్ పత్రికలవాళ్లకు చెప్పుకున్నాడు. చెప్పుకోనీ, నాకేం పోయింది?

మారివోన్‌కు మాత్రం ఒక్కటే కోరిక. ఆ పిట్టను నాన్న వినాలి. పైన కప్పీల చప్పుడులో పెరటి కూత ఆయనకు వినబడదు. ఆదివారం భోజనాల దగ్గర ఆ మాట ఎత్తితే ఆయన ఉల్లిపాయ సూప్‌లో ఉప్పు గురించి మాట్లాడేవాడట. బ్యాలే ఏటా శీతాకాలంలో వచ్చిపోతూనే ఉంది.

చివరికి ఆయన ఉద్యోగ విరమణ చేశాడు. తాళ్ల స్థానంలో మోటార్లు వచ్చాయి, పిట్ట లోపలికొచ్చింది. మారివోన్ టికెట్ కొని ఆయన కంచం పక్కన పెట్టింది. ఆయన వస్తాననలేదు, రాననీ అనలేదు.

వచ్చాడు. పెళ్లినాటి కోటు వేసుకుని మూడో వరసలో నా పక్కనే కూర్చున్నాడు. వయొలిన్లు ఊరుకున్నాయి. పిట్ట కూసింది. హాలంతా ముందుకు వంగి ఎవరు ఊదుతున్నారా అని చూసింది. అంబ్రోయిజ్ ముందు సీటు గట్టిగా పట్టుకుని, తలెత్తి, నాట్యం చేసేవాళ్ల నెత్తిమీది చీకట్లోకి చూస్తూ ఉండిపోయాడు. కూత అయిపోయేదాకా తల దించలేదు. కూతురివైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆట అయ్యాక మారివోన్ చేతిరుమాలుతో పిట్టను తుడుచుకుంటూ వచ్చింది. వాద్యబృందం చివర నిలబడేది కదా, అంతా చూసింది. ముఖం చిన్నబోయి ఉంది.

"విన్నావా నాన్నా?"

"విన్నాను."

"మరి నావైపు చూడనే లేదు."

"పాప మంచానికి సరిగ్గా పైన దూలం వేలాడుతోంది కదమ్మా. దాన్ని చూస్తున్నాను."

ఆయన రేకు పిట్టను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్లీ ఎప్పుడు ఊదాలని అడిగాడు. రేపూ ఉంది, ఆదివారం మధ్యాహ్నమూ ఉంది, నెలాఖరు దాకా ఉందని చెప్పింది.

"అన్నిటికీ వస్తాను," అన్నాడు, పిట్టను ఆమె చేతిలో పెడుతూ. "నువ్వు నిశ్చింతగా ఊదుకో తల్లీ. పైన నేను చూసుకుంటాను."