మోషే మాస్టారి ఓటుపెట్టె

తనను ఎవరైనా ఊరికే నమ్మేస్తే మోషే మాస్టారు భరించలేకపోయేవారు. టైమెంతండీ అంటే, "పదిన్నరండి, నా మాట పట్టుకోకండి, ఇంకో వాచీ కూడా చూసుకోండి" అనేవారు. పెళ్లిచూపుల్లో కాబోయే మామగారికి, తన గురించి వాకబు చేసుకోమని ఆరుగురి పేర్లు రాసిచ్చారట. అందులో ఇద్దరికి ఆయనంటే గిట్టదు. ఆ ఇద్దరూ కూడా మంచివాడనే చెప్పడంతో మేరీగారినిచ్చి పెళ్లి చేశారు.

రాజోలులో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక మాస్టారు మా ఊళ్లో స్థిరపడ్డారు. నేను ఇక్కడి చేపల సంఘంలో గుమాస్తాని. సంఘం ఎన్నికంటే మాకు చేతులెత్తడమే. అధ్యక్షుడు నాగేంద్రగారికి నాలుగు బోట్లున్నాయి. ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని చూసేవారు. చెయ్యెత్తనివాడికి మర్నాడు బోటులో చోటుండేది కాదు. అందుకని పన్నెండేళ్లు నూటపదకొండు మందిమీ ఎత్తుతూనే ఉన్నాం.

కిందటేడు ఎండుచేపలమ్మే రామలక్ష్మి పోటీకి దిగింది. ఓటు రహస్యంగా వేసే మిషను కావాలని సభ్యులు పట్టుబట్టారు. తనకు ఎదురేముందన్న ధీమాతో నాగేంద్రగారూ సరేనన్నారు. మాస్టారు నెలరోజుల్లో పెట్టె తయారుచేశారు. రామలక్ష్మిది పీత గుర్తు, నాగేంద్రగారిది పడవ. బటన్ నొక్కితే పెట్టె కూస్తుంది; ఆ గుర్తు చీటీ మీద అచ్చయి, అద్దంలోంచి ఒక్క క్షణం కనబడి, తెగి డబ్బాలో పడుతుంది. చివర్న మిషను లెక్కా, చీటీల లెక్కా కలవాలి.

ఎన్నికకు వారం ముందు ఆ పెట్టెను తన అరుగు మీద పెట్టి, దీన్ని ఎలాగైనా మోసం చెయ్యండని ఊరందరినీ బతిమాలారు. ఐసు ఫ్యాక్టరీ మెకానిక్ సుభాష్ అయస్కాంతం ఆనించి చూశాడు. పాస్టరుగారు రెండు బటన్లూ ఒకేసారి నొక్కారు. నేను చీటీ లాగబోతే వేళ్లు ఇరుక్కున్నాయి. నేను కుయ్యోమంటుంటే మాస్టారు మురిసిపోయారు. కానీ ఒక్క తప్పూ బయటపడకపోయేసరికి ఆయనకి అన్నం సయించలేదు. మీరంతా మొహమాటపడుతున్నారని నిష్ఠూరమాడారు.

ఆరో రోజున, చూపు సరిగా ఆనని అప్పలమ్మ గోడవతల కూర్చుని విని చెప్పింది.

"మాస్టారండీ, పీతకి సన్నంగా కూత్తందండి, పడవకి బొంగురుగా కూత్తంది. బయట కూకుని ఇంటే ఎవులు దేనికేసేరో తెలిసిపోద్ది కదండీ."

మాస్టారి ఆనందం చెప్పనలవి కాదు. మేరీగారి చేత అప్పలమ్మకు చీర పెట్టించారు, కూత పీకేశారు, తన తప్పు ఊరంతా తిరిగి చెప్పుకున్నారు.

ఎన్నిక రోజున మిషను లెక్కా, చీటీల లెక్కా కలిశాయి. రామలక్ష్మికి డెబ్భైనాలుగు ఓట్లు, నాగేంద్రగారికి ముప్పైఏడు. మాస్టారూ నేనూ తప్ప అందరూ వెళ్లాక నాగేంద్రగారు తలుపు దగ్గరగా వేసి, తనకు వెయ్యనివాళ్ల పేర్లు కావాలని మాస్టారిని అడిగారు. ఆ డెబ్భైనాలుగులో నాదీ ఒకటి.

"తెలీదండి," అన్నారు మాస్టారు. "తెలిస్తే మీరు గట్టిగా అడిగిన రోజున చెప్పేస్తానండి, నేను పిరికివాణ్ణి. అందుకే నాకూ తెలీకుండా కట్టేను."

మాస్టారి అనుమానమంతా తన మీద తనకేననీ, అది మా పొట్టల్ని కాయడానికేననీ అప్పుడర్థమైంది నాకు.

నాగేంద్రగారు నమ్మలేక చీటీలు తానే మూడుసార్లు లెక్కపెట్టుకున్నారు. తన ముప్పైఏడూ చేతిలో పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు.

"ఇదివరకు అందరూ చేతులెత్తేవారండి," అన్నారు నీరసంగా.

"ఆయ్. మీరు చూస్తున్నారని. ఈ ముప్పైఏడుగురూ మీరు చూడకపోయినా వేసేరండి."

నేను టీ తెప్పించాను. నాగేంద్రగారు సగం తాగి తలెత్తారు.

"ముప్పైఏడంటే తక్కువేం కాదు కదండీ?"

"తక్కువేం కాదండి," అన్నారు మాస్టారు.

నాగేంద్రగారు మిగతా టీ తాగేసి, ఆ చీటీలు నాలుగోసారి లెక్కపెట్టి, కొంచెం గర్వంగానే ఇంటికెళ్లారు.