పరదా కడ్డీతో వేసిన మర

భూములు సీలింగు చట్టం కింద పోయాక మా ఇంటికి మిగిలిన ఠీవి షెడ్డులోని నల్ల కారు ఒక్కటే. ఎనభైల మొదట్లో దాన్ని కూడా బొగ్గు లారీలు తిప్పే ఒక కాంట్రాక్టరుకు అమ్మాను. అమ్మినందుకు తల దించుకోలేదు. అది మా వాకిలి దాటేటప్పుడు సొంత ఇంజనుతో దాటాలని మాత్రం పట్టుబట్టాను.

పినపాక దారిలో అడవి అంచున ఉండే మా ఊరికి అతను కారు చూడటానికి వచ్చాడు. ఇంజను స్టార్ట్ అయింది గాని, వాటర్ పంపు దగ్గర నీళ్లు ధారగా కారాయి. పంపు బోల్టు బిగించబోతే అది ఊరికే తిరిగి, తుప్పు రజనుతో సహా చేతిలోకి ఊడి వచ్చింది. ఇంజను దిమ్మ రంధ్రంలో బోల్టును పట్టి ఉంచే చుట్ల గాడి, అంటే మర, పూర్తిగా అరిగిపోయింది. బోల్టుకు పట్టు లేకపోతే నీళ్లు నిలవవు, నీళ్లు లేని ఇంజను ఊరు కూడా దాటదు.

"ఎందుకు దొరా గింత తిప్పలు?" అన్నాడతను నవ్వుతూ. "రేపు జత ఎడ్లను తోలుకొస్త. పెట్రోలు ఖర్చు గూడ ఉండది."

"ఈ వాకిట్ల నుంచి ఏదీ గుంజుకపోలే. ఎడ్లను తేకు."

"తెస్త. ఎందుకన్న మంచిది."

నాన్నగారి పనిముట్ల పెట్టెలో రంధ్రాల లోపల మర కోసే ట్యాపులు, కడ్డీల మీద మర వేసే డైలు నూనె గుడ్డలో చుట్టి ఉన్నాయి. వాటిని వాడటం ఆయనే నేర్పారు. నాకు లేనిదల్లా ఆ రంధ్రాన్ని పూడ్చడానికి వేలంత లావు ఇత్తడి కడ్డీ. నేను గొణుక్కుంటున్న ఆ మాట విని అమ్మ షెడ్డులోకి వచ్చింది. కారు వెనక సీటుకు అడ్డంగా, ఆడవాళ్ల ఘోషా కోసం కట్టిన పరదాను లాగేసి, దాని కడ్డీ నా చేతిలో పెట్టింది.

"అమ్మా, ఇది..."

"తీస్కో. దానెనక కూసుంటే గాలాడక పాణం పోయేది. మీ నాయనకు చెప్తే ఇన్నడా?"

పాడైన రంధ్రాన్ని చేతి డ్రిల్లుతో పెద్దది చేశాను. ట్యాపును అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, రజను ఊదేస్తూ కొత్త మర కోశాను. కడ్డీ కొసకు డైతో మర వేసి, ఆ రంధ్రంలోకి బిగించి, పైకి మిగిలింది రంపంతో కోసి ఆకురాయితో చదును చేశాను. ఇప్పుడు ఆ ఇత్తడి నడిమధ్యన పాత బోల్టుకు సరిపడా రంధ్రం వేయాలి. డ్రిల్లు కాస్త ఒరిగినా దిమ్మ పనికిరాదు. ఆ పని నెమ్మదిగా నేనే చేశాను. మర కోశాక బోల్టును వేళ్లతోనే తిప్పాను. చివరిదాకా నిటారుగా దిగింది.

పొద్దున్నే కాంట్రాక్టరు ఎడ్లతో వచ్చాడు. కారు ఇంజను వాకిట్లో ఆడుతోంది. పరదా లేని వెనక సీటులో అమ్మ కూర్చుంది. ఊరంతా చూస్తుండగా తారు రోడ్డు దాకా నడిపాను. ఎడ్లు వెనకాల నడుచుకుంటూ వచ్చాయి.

అతను బానెట్ ఎత్తి, పంపు కింద వేలితో రుద్ది చూసుకున్నాడు. వేలు పొడిగా ఉంది.

"దొరా, నా లారీలల్ల గూడ రెండింటికి మరలు పోయినయి. జర మా షెడ్డుకు రారాదు?"

"నేను రాను. లారీలనే మా వాకిటికి పంపు."

"నడవయి గదా! ఎడ్లతోని గుంజుకొస్తే లోపలికి రానిస్తవా మరి?"

"రానిస్త," అన్నాను. "పోయేటప్పుడు మాత్రం వాటంతట అవే పోవాలె."

తాళంచెవి అతనికి ఇచ్చి, అమ్మ, నేను నడిచి ఇంటికి వచ్చాం. ఆ వారమే మొదటి లారీ ఎడ్ల వెనక మా వాకిట్లోకి వచ్చింది. ఆనాటి నుంచి మా ఇల్లు గడిచింది కారు పోయి ఖాళీ అయిన మా షెడ్డు మీదే. ఏ బండీ అక్కడి నుంచి ఎడ్లతో తిరిగి వెళ్లలేదు.