మంచులోంచి వచ్చే నడక

చిన్నప్పుడు నాకు చలికాలమంటే ప్రాణం. గోదావరిఖనిలో మా క్వార్టర్ల ముందు తెల్లారేసరికి ఇంటింటా బొగ్గుల పొయ్యిలు రాజుకునేవి. పొగా మంచూ కలిసిపోయి ఎదురింటి తలుపు కూడా కనిపించేది కాదు. రాత్రి షిఫ్టు దిగిన బొగ్గుగని కార్మికులు అందులోంచి ఒక్కొక్కరే బయటపడేవాళ్ళు. అందరి ముఖాలూ మసే. నేను మాత్రం మా బాపును నడకను బట్టి పోల్చుకునేదాన్ని. తల వంచుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చేవాడు. ఎదురు పరుగెత్తి చేతిలోని టిఫిను డబ్బా లాక్కునేదాన్ని. అందులో నాకని ఒక రొట్టె ముక్క మిగిల్చేవాడు.

ఒక ఎండాకాలం గని పైకప్పు కూలి బాపు పోయాడు. ఆయన కొలువు మా అన్నకిచ్చారు.

ఆ ఏడు చలి మొదలైన కొత్తలో ఒక పొద్దున అమ్మ పొయ్యి మీద నీళ్ళు కాస్తోంది. నేను గడపలో కూర్చున్నాను. మంచులోంచి ఒక మనిషి వస్తున్నాడు, తల వంచుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ. అన్న అంతకుముందు ఎన్నడూ అట్లా నడవలేదు. నేను లేచి పరుగెత్తాను. చెయ్యి చాచాక అన్న కళ్ళు చూసి ఆగిపోయాను.

వెనక నుంచి అమ్మ, బాపుతో మాట్లాడే మామూలు గొంతుతో అంది: "ఇంత లేటాయె, ఏమైందోనని పానం కొట్టుకుంటున్నది. నీళ్ళు కాగినయ్. పిల్ల నీకోసమే చూస్తున్నది, బడికి పోత లేదు."

అన్న నీళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వంగి ముఖం కడుక్కున్నాడు. మసి పోయి కొడుకు ముఖం బయటపడ్డాక అమ్మ చాలాసేపు అట్లాగే చూసింది. తర్వాత చెంబెడు నీళ్ళు తీసి మండుతున్న బొగ్గుల మీద పోసింది.

మర్నాటి నుంచి అన్న సందు మలుపు దగ్గరే నిలబడి, "అవ్వా, నేను," అని అమ్మను కేకేసేవాడు. లోపల్నుంచి అమ్మ ఊఁ అన్నాకే అడుగు ముందుకేసేవాడు.

తెలంగాణ వచ్చిన ఏడు పురిటికని పుట్టింటికి వెళ్ళాను. అప్పటికి ఆ వాడలో గ్యాసు పొయ్యిలే ఉన్నాయి, మంచు మాత్రం అంతే దట్టంగా ఉంది. ఆడపిల్ల పుట్టాక ఒక పొద్దున కాళ్ళు ఈడ్చే చప్పుడు వినిపించింది. కేక మాత్రం రాలేదు. అమ్మ చేతిలో పని ఆపింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. గుమ్మంలోకి వచ్చాక అన్న గొంతు చూపించి, జలుబుతో మాట పోయిందని సైగ చేశాడు.

అమ్మ నీళ్ళు తోడటానికి వెళ్ళింది. నేను పసిదాన్ని గుండెకు హత్తుకుని చాలాసేపు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. కేక లేని ఆ అడుగులు విన్నప్పుడు భయపడ్డానా, ఆశపడ్డానా అంటే ఇప్పటికీ చెప్పలేను.