కుడి పక్కకు రండి

“…అందుకని క్లాసంతటినీ ఒక్కొక్కరినే బోర్డు దగ్గరికి పిలవాలా? నాది చరిత్ర పాఠమమ్మా, టికెట్ల క్యూ కాదు!”

“నా మీద అరుస్తారేం మాస్టారూ? ఆర్డరు వేసింది హెడ్‌మేడమ్. దారి చూపించింది మన మహారాణి. పోయి వాళ్ళనడగండి.”

లెక్కల టీచరు స్టాఫ్‌రూమ్ గుమ్మం బయటే ఆగిపోయింది. సోషల్ మాస్టారి గొంతు గోడలకు కూడా పాఠం చెప్పగలదు. సైన్సు టీచరు గొంతు కోపంలో దానికి దీటుగా లేచింది. లేకపోతే ఆ మాటలు లెక్కల టీచరుదాకా వచ్చేవి కావు. ఆమెకు ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. కుడి చెవిలో, జుట్టు చాటున, చిన్న వినికిడి మిషను ఉంది. ఆ సంగతి ఈ బడిలో ఎవరికీ తెలియదు. పిలిస్తే పలకదు కాబట్టి పొగరన్నారు, మహారాణి అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకు తెలుసు. పోనీలెమ్మనుకుంది. దానికంటే చేదైన పేర్లున్నాయి.

ఇంతకు ముందు పనిచేసిన బడిలో ఆమె ఏదీ దాచలేదు. “పిల్లలకు ఇబ్బంది కదమ్మా” అని ఎంతో మర్యాదగా క్లాసు తీసేసి, లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేయమన్నారు. ఆ ఏడాదంతా పక్క గదిలో ఎవరో తప్పుగా చెబుతున్న భిన్నాలు కిటికీలోంచి బోర్డు మీద కనపడుతుంటే, జిగురు చేతులతో చూస్తూ కూర్చుంది.

అందుకే ఇక్కడ తన ఏర్పాట్లు తాను చేసుకుంది. అందరి ముఖాలూ కనిపించేలా బెంచీలు అర్ధచంద్రంలా వేయించింది. ఒకరు మాట్లాడితే ఇంకొకరు నోరెత్తకూడదు. సందేహమున్నవాళ్ళు లేచి వచ్చి, ఆమె కుడి పక్కన నిలబడి, ముఖం చూస్తూ అడగాలి, అడిగింది బోర్డు మీద వేసి చూపాలి. పిల్లలకు అది ఆటలా ఉండేది. బోర్డు దగ్గరికి రావడానికే సందేహాలు పుట్టించుకునేవాళ్ళు కొందరు.

హెడ్‌మేడమ్ ఒకరోజు వెనక నిలబడి చూసి, “ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారు?” అని అడిగింది. లెక్కల టీచరు నవ్వి ఊరుకుంది. చేసిన పొరపాటు అదే. వారం తిరక్కుండా అన్ని క్లాసులకూ అదే పద్ధతని ఆర్డరు వచ్చింది. పైగా శనివారం పెద్ద హాల్లో ఆమె నమూనా పాఠం చెప్పాలట. వేరే బడుల టీచర్లు వస్తారట, కూర్చున్నచోటి నుంచే ప్రశ్నలు వేస్తారట. ఆ హాల్లో ఫ్యాన్లు తిరిగితే ఆమె మిషనులో గుయ్యిమనే మోత తప్ప ఇంకేమీ మిగలదు.

సాయంత్రం ఇంట్లో బట్టలు మడతపెడుతూ శనివారం సంగతి భర్తతో చెప్పింది. అతను ఎప్పటిలాగే చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఆ ఇంట్లో పోట్లాటలు కూడా ఎదురెదురుగానే జరుగుతాయి.

“జ్వరమని చెప్పి ఎగ్గొట్టు.”

“మళ్ళీ పెట్టరా?”

“అయితే చెప్పెయ్. మొగుడి మాట వినని పెళ్ళాలు ఊరినిండా ఉన్నారు. డాక్టరు కాగితం ఉన్నది నీకొక్కదానికే.”

“నీకు వేళాకోళంగా ఉంది. నా క్లాసు పోతుంది.”

అతను నవ్వు ఆపాడు. “హాల్లో బయటపడితే మాత్రం పోదా?”

ఆమె మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

మర్నాడు బడి గంట కొట్టకముందే హెడ్‌మేడమ్ గదికి వెళ్ళి, కూర్చోకుండానే, జుట్టు వెనక్కి తీసి మిషను చూపించింది. మిగతాదంతా చెప్పేసింది. పాత బడి సంగతి కూడా.

హెడ్‌మేడమ్ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

“నాలుగు బడులకు చెప్పానమ్మా, మా టీచరు కొత్త పద్ధతి కనిపెట్టిందని!”

“కనిపెట్టలేదండీ. గతిలేక పెట్టుకున్నాను.”

“కొత్తవన్నీ అలాగే వస్తాయేమోలే.” పెన్ను కింద పెట్టి, ఆమె కళ్ళలోకి చూస్తూ అడిగింది. “మీ క్లాసులో పిల్లలకు లెక్కలు వస్తున్నాయా?”

“వస్తున్నాయండీ.”

“నేనూ చూశాగా. ఇక క్లాసు తీసేసే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? కూర్చోండి ముందు. ఆ హాలు గోల వద్దు, పాఠం మీ గదిలోనే పెడదాం. ఎవరికి సందేహమొచ్చినా లేచి బోర్డు దగ్గరికి రావలసిందే, ఎంత పెద్దవాళ్ళైనా సరే. స్టాఫ్‌కు చెప్పడం, మానడం మీ ఇష్టం.”

లెక్కల టీచరు కూర్చుంది. ఎందుకో నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

స్టాఫ్‌రూమ్‌లో సోషల్ మాస్టారు ఇంకా చల్లారలేదు. “రండి మహా… రండి టీచర్,” అన్నాడు తడబడి. ఆమె కుర్చీ లాక్కుని అతనికీ, సైన్సు టీచరుకూ ఎదురుగా కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది.

“అయితే ఇన్నాళ్ళూ నేను పిలిస్తే పలకనిది పొగరు కాదా?” అంది సైన్సు టీచరు.

“మీరెప్పుడూ ఎడమ పక్కనే కూర్చుంటారు.”

“అయ్యో రామా! ఊరికే తిట్టుకున్నానే!” సైన్సు టీచరు లేచి, టిఫిన్ డబ్బాతో సహా ఆమె కుడి పక్కకు మారింది.

సోషల్ మాస్టారు గొంతు తగ్గించబోయి, గుర్తొచ్చి మళ్ళీ పెంచాడు. “మరి శనివారం వచ్చేవాళ్ళకు ఏం చెబుతారమ్మా? ఇది మన బడిలోనే ఉంచేద్దామా?”

“వద్దు మాస్టారూ,” అంది లెక్కల టీచరు. “పాఠం కంటే ముందు నా చెవి సంగతే చెబుతాను.”