బెల్లానికి తొలి కత్తెర

దేవేంద్రప్ప వేళ్లు బొచ్చులోకి దిగడం లేదు. వీపు మీద, పొట్ట పక్కన, మెడ కింద మునివేళ్లతో నొక్కి చూస్తున్నాడు. ఎక్కడ నొక్కినా పాత కంబళిని తడిమినట్టే ఉంది. కత్తెర ఇంకా సంచిలోనే ఉంది. బొచ్చు ఎక్కడ అయిపోయి తోలు ఎక్కడ మొదలవుతుందో తెలియనిదే కత్తెర బయటికి తీసే అలవాటు ఆయనకు లేదు.

"ఇందులో కుక్క ఎంత, బొచ్చు ఎంత శెట్టిగారూ?" అన్నాడు తల ఎత్తకుండా.

"నీకు నవ్వులాటగా ఉండాదా అప్పా? పాపం, గోక్కోని గోక్కోని సొమ్మసిల్లి పోతాండాది అది" అంది సుందరలక్ష్మి.

డోన్‌లో పప్పుల వ్యాపారం చేసే వెంకటరమణయ్య శెట్టి, సుందరలక్ష్మి దంపతుల కుక్క అది. పేరు బెల్లం. బెంగళూరులో తెలిసిన వ్యాపారి ఒకాయన ప్రేమగా ఇచ్చిన యార్క్‌షైర్ టెరియర్ పిల్ల. ఎదిగినా పిల్లికన్నా చిన్నదే. తల మీద బొచ్చు కొత్త బెల్లం రంగులో ఉందని ఆ పేరు పెట్టారు. ఆ జాతి బొచ్చు మనిషి జుట్టులాగా పెరుగుతూనే ఉంటుంది. రోజూ దువ్వాలి, అప్పుడప్పుడు కత్తిరించాలి.

వీళ్లు దువ్వలేదు. దువ్వెన తగిలితే అది కుయ్యిమంటుంది, సుందరలక్ష్మికి ప్రాణం ఒప్పదు. కానీ వేడి చేస్తుందని శనివారం శనివారం నెత్తికీ ఒంటికీ ఆముదం మాత్రం పట్టించింది. తన పిల్లలను అట్లాగే పెంచింది మరి. నూనె ఒంటితో బెల్లం గోడౌనులో పొర్లేది, పప్పుల దుమ్మంతా అంటించుకునేది. ఏడాది తిరిగేసరికి బొచ్చు అట్టలు కట్టింది.

కత్తిరించకపోవడానికి ఇంకో కారణం ఉంది. పసిగా ఉన్నప్పుడు బెల్లానికి రక్తవిరేచనాలు పట్టుకుంటే, బతికితే పుట్టువెంట్రుకలు నీకే ఇస్తానని సుందరలక్ష్మి అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంది. బతికింది. మనిషి పిల్లలకైతే దారి తెలుసు. కుక్కను కొండకు తీసుకుపోయి ఎవరి ముందు కూర్చోబెట్టాలో ఇద్దరికీ తోచలేదు. రేపు, మాపు అనుకుంటూ ఉండిపోయారు. మొక్కు తీరకుండా కత్తెర తగలకూడదు కదా.

రెండువేల ఆరు శివరాత్రి పోయి ఎండలు మొదలయ్యాయి. బెల్లం తిండి తగ్గించింది. పశువుల డాక్టరు చూసి, అట్టల కింద తోలు చెమ్మగిల్లి పుండ్లు పడుతోందన్నాడు. ఈగ వాలిందంటే పురుగులు పడతాయి, తర్వాత దక్కడం కష్టమని కూడా చెప్పాడు. ఆయన దగ్గరున్న బొచ్చు కత్తిరించే మిషను ఆ జిడ్డులో రెండు అంగుళాలు పోయి ఆగిపోయింది. ఇంత చిన్న ప్రాణికి, ఇంత నీరసంలో మత్తు ఇవ్వడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. "గొర్రెల ఉన్ని కోసేవాళ్లలో చెయ్యి తేలికైనవాణ్ణి పిలిపించండి. పుండ్ల సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

అట్లా పత్తికొండ పక్క పల్లె నుంచి దేవేంద్రప్ప వచ్చాడు. చిన్నప్పటి నుంచీ గొర్రెల మధ్యే బతికాడు. తండ్రి శివన్న పని నేర్పేటప్పుడు కళ్లకు గుడ్డ కట్టి గొర్రెను తడమమనేవాడు. ఎముక ఎక్కడ, ముడత ఎక్కడ, పొదుగు ఎక్కడ అని అడిగేవాడు. అన్నీ సరిగ్గా చెప్పిన తర్వాతే కత్తెర చేతికిచ్చాడు. ఆ కత్తెరే ఇప్పుడు సంచిలో ఉంది. పొద్దున బయలుదేరుతుంటే భార్య వెంకటేశ్వరమ్మ, "గొర్రెలు అయిపోయినాయా, కుక్కలకు దిగినావు? రేపు పిల్లులకు గూడా చేస్తావేమో" అని ఎగతాళి చేసింది. "పిలిస్తే చేస్తా" అని బస్సెక్కాడు.

ముందు మొక్కు సంగతి తేలాలి. సుందరలక్ష్మి కొంగు నలుపుకుంటూ నిలబడింది.

"మా నాయన గొర్రెపిల్లకు తొలిసారి కత్తెర పెట్టేటప్పుడు నొసటికాడ పిడికెడు ఉన్ని తీసి దేవుని పేరు మీద పక్కన పెట్టేవాడమ్మా" అన్నాడు దేవేంద్రప్ప. "మందనంతా గుడికి తోలుకపోతామా? దేవునికి కావాల్సింది ఎంట్రుకలు గదా, కుక్క కాదు గదా."

"ఇన్నాళ్లూ ఈ మాట మనకు యాల తట్టలేదే?" అన్నాడు శెట్టి భార్యతో.

"నీకు కందులు, శెనగలు తప్ప ఏం తడ్తాది" అంటూ ఆమె లోపలికి పోయి పసుపు రాసిన గుడ్డ తెచ్చింది.

స్వామిని తలుచుకుని దేవేంద్రప్ప బెల్లం కళ్ల మీద పడుతున్న కుచ్చును కోసి ఆ గుడ్డలో పెట్టాడు. లోపలి నుంచి రెండు నల్లటి కళ్లు మెరిశాయి.

"ఓరి నీ, కండ్లుండాయే దీనికి!" అన్నాడు శెట్టి.

ఆ మూటను వచ్చే శనివారం శెట్టే అహోబిలం తీసుకుపోయి హుండీలో వేసి రావాలని అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది.

అసలు పనిలో దేవేంద్రప్ప మొదట తప్పటడుగు వేశాడు. గొర్రెను పిరుదుల మీద కూర్చోబెట్టి మోకాళ్ల మధ్య ఇరికించుకుంటే కాసేపు తన్నుకుని ఊరుకుంటుంది. బెల్లాన్నీ అట్లాగే పట్టుకుని, ముందుకాళ్లు మెత్తటి గుడ్డతో కట్టాడు. బెల్లం ఊరుకోలేదు. మెడ తిప్పి బొటనవేలు పట్టుకుంది. నొప్పికి ఆయన పట్టు సడలగానే కట్టు జార్చుకుని మంచం కిందికి దూరింది. అక్కడి నుంచి తన సైజుకు పదింతల గొంతుతో తిట్టడం మొదలుపెట్టింది.

"మా బెల్లం ఎవుర్నీ కరవదప్పా" అంది సుందరలక్ష్మి కంగారుగా.

"కరవలేదమ్మా, పట్టుకునింది అంతే. వదిలేది మరిచిపోయింది" అన్నాడు ఆయన రక్తం చూసుకుంటూ.

సబ్బుతో వేలు బాగా కడుక్కున్నాడు. శెట్టి ఆయనను స్కూటరు మీద ఆస్పత్రికి తీసుకుపోయి సూది వేయించాడు. కుక్కకు టీకాలన్నీ వేళకు పడ్డాయని దారిపొడుగునా మూడుసార్లు చెప్పాడు.

తిరిగొచ్చాక దేవేంద్రప్ప కత్తెర ముట్టలేదు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ కుక్కను చూస్తూ ఉన్నాడు. బెల్లం మంచం కింది నుంచి వచ్చి, దులపరించుకుని, తిన్నగా ఇంటి వెనక గోడౌనులోకి పోయింది. కందిపప్పు మూటల మధ్య సందు ముందు నిలబడింది. ఒక ముందుకాలు గాలిలో ఉండిపోయింది. తోక కదల్లేదు. ఈగ ముసిరినా కదల్లేదు.

"ఏం చేస్తాండాది అది?"

"ఎలుక కోసం కాపు" అన్నాడు శెట్టి గర్వంగా. "ఒంట్లో బాగలేకపోయినా ఆ పని మాత్రం మానదు. అన్నానికి పిలిచినా రాదు."

దేవేంద్రప్ప గ్లాసు కింద పెట్టాడు. కంబళి తెచ్చి దాని వెనక పరుచుకుని మెల్లగా కూర్చున్నాడు. నడుము మీద చెయ్యి వేశాడు. బెల్లం చూపు తిప్పలేదు. "దీన్ని పట్టుకునే పని లేదు శెట్టిగారూ. తన్ను తానే పట్టుకోని నిలబడింది" అన్నాడు చిన్నగా.

గొర్రె తోలు మందం. ఇది ఉల్లిపొర. అందుకే పెద్ద కత్తెర మానేసి, అంచులు సరిచేసే చిన్న కత్తెర తీశాడు. అట్ట కిందికి ముందు చూపుడువేలు దూర్చాలి. వేలికీ అట్టకూ మధ్య మాత్రమే కత్తెర నడవాలి. వేలు పోనిచోట కత్తెర పోకూడదు. వేలు పోకపోతే అట్టను పొడుగ్గా చీల్చి, విడదీసి, మళ్లీ దూర్చాలి. వీపు అయింది. పక్కలు అయ్యాయి. బొచ్చు ముక్కలుగా కాకుండా చొక్కా విప్పినట్టు ఒక్క పలకగా ఊడి వస్తోంది. కింద తోలు ఎర్రగా, అక్కడక్కడ పుండ్లతో బయటపడింది. ఇంకా పురుగు పడలేదు. సుందరలక్ష్మి గుమ్మం దగ్గర కళ్లు మూసుకుని నిలబడి, "తెగిందా?" అని అడుగుతోంది. "లేదమ్మా" అని ఈయన చెబుతున్నాడు.

మిగిలింది కుడి చెవి. అది అట్టలో ఎక్కడో మునిగిపోయి ఉంది. ఏది చెవో, ఏది బొచ్చో చేతికి తెలియడం లేదు. చెవి అంచు తెగితే రక్తం ఆగదు, ఇంత నీరసంగా ఉన్న కుక్క తట్టుకోదు. వేలు సగం దూర్చి, కత్తెర మొన ఆనించాడు. అప్పుడే ఎడమ ముంజేతి కింద బెల్లం నడుము తాడులా బిగిసింది. దేవేంద్రప్ప ఏమీ ఆలోచించలేదు. కత్తెర వెనక్కి లాగి రెండు చేతులూ ఎత్తేశాడు.

బెల్లం దూకింది. మూటల సందులో పెనుగులాట, కీచుమనే చప్పుడు, మూతి కట్టు వదిలిన ఒక మూటలోంచి జలజలమని కందిపప్పు. ఒళ్లంతా గుండు, ఒక్క చెవి దగ్గరే బొచ్చుతో బెల్లం తిరిగి నడిచి వచ్చి, నోట్లోని ఎలుకను గడప మీద, సరిగ్గా సుందరలక్ష్మి పాదాల ముందు పెట్టింది.

"నారాయణా! కోమటోళ్ల ఇంట్లో ఇదేం పనే!" అంటూ ఆమె ఎగిరి అవతలికి దూకింది.

"నాలుగు పిల్లుల్ని పెంచినా ఈ పని కాలేదు. తిట్టొద్దు దాన్ని" అన్నాడు శెట్టి. ఆయన ముఖం చూస్తే, దానికి పీట వేసి వడ్డించేట్టున్నాడు.

దేవేంద్రప్ప మాత్రం తన కత్తెర మొననే చూస్తున్నాడు. దాని మీద రక్తం లేదు. పంచెతో తుడిచి, కంబళి మీద అరచెయ్యి తట్టాడు. వేట అయిపోయిన బెల్లానికి ఇక ఎవరి మీదా కోపం లేదు. ఒగరుస్తూ వచ్చి ఆయన ఒడిలో వాలి గడ్డం ఆయన మోకాలి మీద పెట్టింది. ఇప్పుడు చెవి వెచ్చదనం వేలికి తెలుస్తోంది. రక్తం ఉరుకులాడుతున్న చెవి అట్టలో ఎక్కడుందో ఆ వేడే చూపించింది. దాని పక్కన వెంట్రుక వెంట్రుకగా కోసుకుంటూ పోయాడు. అట్ట రాలింది. తమలపాకు చిగురంత చెవి నిక్కపొడుచుకుంది.

గోరువెచ్చని వేపనీళ్లతో ఒళ్లు కడిగాడు. పాత ధోవతి గుడ్డతో నొక్కి నొక్కి తడి తీశాడు. డాక్టరు ఇచ్చిన మందు పుండ్ల మీద పలచగా రాశాడు. ఆ తర్వాత మళ్లీ ఒకసారి, మొదట చేసినట్టే, మెడ నుంచి తోక దాకా మునివేళ్లతో తడిమాడు. ఎక్కడా గంటు లేదు. పక్కటెముకలు మాత్రం లెక్కపెట్టేట్టు ఉన్నాయి.

సుందరలక్ష్మి వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఉడత మాదిరి ఉండాదే! మన బెల్లం యాడికి పోయింది?"

"ఇదేనమ్మా. ఆముదం ముట్టించొద్దు. ఈ తోలు ఎండ చూడలేదు, కొన్నాళ్లు నీడపట్టునే ఉంచండి. వెంట్రుకలు మొలిచినాంక పండ్లు దూరంగా ఉండే దువ్వెనతో దినామూ దువ్వాల. కుయ్యిమంటే ఆపండి, మళ్లీ దువ్వండి. మానొద్దు."

"మానను" అంది ఆమె.

గడప అవతల శెట్టి చీపురుతో కందిపప్పు కూడదీస్తున్నాడు. దేవేంద్రప్ప పంచెకు అంటిన వెంట్రుకలు దులుపుకుని లేచాడు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి బెల్లాన్ని ఎత్తాడు. సుందరలక్ష్మి కొంగు పరిచి చేతులు చాపింది. పుండ్లు ఉన్న పక్క పైకి వచ్చేట్టు తిప్పి, ఆమె చేతుల్లో పెట్టాడు.