ఆపాను బయటికి పంపిన పూట

మా పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి ఈమధ్యనే ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలరుగా చేరింది. మొన్న ఆదివారం ఫైలు చంకన పెట్టుకుని మెట్లు దిగివచ్చి, తల్లికీ తండ్రికీ మధ్య నలిగే పిల్లలు తమ సొంత మాట చెబుతున్నారో, ఎవరో నూరిపోసింది వల్లిస్తున్నారో మీ కాలంలో ఎలా కనిపెట్టేవారు ఆంటీ, అని అడిగింది. గొప్పగా జవాబు చెబుదామని నోరు తెరిచి, చాయ్ తాగి వెళ్ళమన్నాను. ఆ అమ్మాయికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను, మీరు నా ఈడువాళ్ళు గనుక, నవ్వుకున్నా తిట్టుకున్నా కడుపులో పెట్టుకుంటారన్న ధీమాతో.

డెబ్భైల చివర్లో, మావారికి కాజీపేటలో రైల్వే ఉద్యోగమై నెల్లూరు జిల్లా నుంచి కాపురానికి వచ్చినదాన్ని, హన్మకొండలో సంక్షేమ శాఖలో చిన్న ఉద్యోగంలో చేరాను. అప్పటికి వరంగల్‌లో ఫ్యామిలీ కోర్టన్నదే లేదు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగవు జిల్లా కోర్టుకు వస్తే, జడ్జిగారు నల్లకోట్ల మధ్య పసివాళ్ళు బెదురుతారని, ఆ పిల్లలను మా ఆఫీసుకు పంపి, మెల్లగా మాట్లాడి వాళ్ళ మనసేమిటో రాసిమ్మని నన్ను అడిగేవారు. నాకు అందులో చదువూ లేదు, శిక్షణా లేదు. ఉన్నదల్లా పుట్టుకతో వచ్చిన అనుమానం. పాలవాడు పోసే పాలలో నీళ్ళెన్ని అని కాదు, ఆ నీళ్ళలో పాలెన్ని అని చూసే రకాన్ని నేను, మావారు ఇప్పటికీ అదే మాట అని ఏడిపిస్తారు.

ఆ ఉద్యోగానికి ఆ గుణం బాగానే పనికొచ్చింది. పిల్ల కొత్త గౌను వేసుకొస్తే మడత గీతలు చూసేదాన్ని, గీతలుంటే కోర్టు పేషీ కోసమే కొన్నారన్నమాట. జేబులు తడిమి బిస్కెట్లు తీసేదాన్ని. ఆరేళ్ళ పిల్లవాడొకడు, మా నాయన నా ఆలనా పాలనా చూస్తలేడు అన్నప్పుడు, ఆరేళ్ళవాడికి ఆలనా పాలనా ఎక్కడిదిరా, ఇది వకీలు నోట్లోంచి ఊడిపడ్డ మాట అని పట్టేశాను. ఏ మాట ఎవరిదో పసిగట్టడమే నా విద్య అని లోలోపల మురిసిపోయేదాన్ని. ఆంధ్రామె అన్నీ అడుగుతది, ఏదీ నమ్మది, అని వరండాలో జనం అనుకుంటుంటే అదేదో బిరుదులా వినేదాన్ని.

మా ఆఫీసులో ఒక అటెండరమ్మ ఉండేది, ఉర్దూ ఎంత చక్కగా మాట్లాడేదో తెలుగూ అంతే చక్కగా మాట్లాడే ముస్లిం ఇంటి ఆడపడుచు. చిన్నా పెద్దా అందరూ ఆమెను ఆపా అనేవాళ్ళు, అంటే అక్క అని. నేను పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆమె పక్కన కూర్చుని, నాకు అంతుబట్టని ఈ ప్రాంతపు మాటేదైనా వస్తే మెల్లగా విడమరిచి చెప్పేది. అటువంటి మనిషిని, ఒకరోజు కోర్టు గేటు దగ్గర ఏదో కేసు తాలూకు పార్టీవాళ్ళతో నిలబడి చాయ్ తాగుతూ కనిపించిందని, నేను అనుమానించాను. వాళ్ళెవరని అడిగితే పోయేది, అడగలేదు. అప్పటి నుంచి పిల్లలను తీసుకుని గదిలోకి వెళ్ళినప్పుడల్లా, నువ్వు బయట కూర్చో ఆపా, అనేదాన్ని. ఆమె ముఖం చిన్నబుచ్చుకుని వరండాలోకి వెళ్ళి కూర్చునేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది ఆ పిల్ల. అయిదేళ్ళుంటాయేమో. తండ్రిది ధర్మసాగర్, లారీ నడిపేవాడు. తల్లిది పరకాల దగ్గర పల్లె. మొగుడూ పెళ్ళాలకు పడక తల్లి పుట్టింటికి పోతే, పిల్లను తండ్రి తల్లి, అంటే నాయనమ్మ, తన దగ్గరే అట్టిపెట్టుకుంది. తల్లి తన బిడ్డను తనకిప్పించమని కోర్టుకెక్కింది. తల్లీ నాయనమ్మా మా వరండాలో చెరో మూల కూర్చున్నారు. నాయనమ్మ కొంగున పుట్నాలు కట్టుకుని ఉంది, లంచం అనుకున్నాను. తల్లి వచ్చిందగ్గర నుంచీ ఏడుస్తూనే ఉంది, వకీలు ఏడవమని చెప్పి ఉంటాడు అనుకున్నాను. ఇద్దరినీ అక్కడే ఉంచి, ఆపాను కూడా బయటికి పంపి, తలుపు వేసి, పిల్లను బల్ల మీద కూర్చోబెట్టుకున్నాను.

నువ్వు ఎవరి దగ్గర ఉంటావు తల్లీ అని అడిగాను. ఆ పిల్ల తడుముకోకుండా, “అవ్వకాడ ఉంట” అంది. అవ్వ బువ్వ పెడుతుందా అంటే పెడుతుందంది, కొడుతుందా అంటే కొట్టదంది, అవ్వ పక్కలోనే పడుకుంటానంది. ఆ మాటల్లో వకీలు వాసన ఎక్కడా లేదు, అన్నీ పచ్చి పసినోటి మాటలు. ఇంత తేటగా చెప్పిన పిల్లను నేను అంతకుముందు చూడలేదు. మరి అమ్మ సంగతేమిటి అని అడిగితే మాత్రం, ఇందాకటి నుంచీ చెబుతున్నది దేని గురించనుకున్నావు అన్నట్టు నా వంక చూసి ఊరుకుంది. తల్లి పేరెత్తితే పిల్ల ముడుచుకుపోయిందని నేను రాసుకున్నాను.

కోర్టు కాగితాలు ఇంగ్లీషులో ఉండే రోజులని మీకు తెలియంది కాదు. పిల్ల నాయనమ్మ దగ్గర ఉండాలని గట్టిగా కోరుతోంది, అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. అలా రాయడంతో పిల్ల అన్న అసలు మాట కాగితం మీద లేకుండానే పోయింది, ఇటు వకీలుగాని అటు వకీలుగాని పట్టుకోవడానికి వీల్లేకుండా. పిల్ల నాయనమ్మ దగ్గరే ఉండాలనీ, తల్లి నెలకొకసారి మా ఆఫీసులో చూసి పోవచ్చనీ జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. తల్లి కోర్టు మెట్ల మీద నా చేయి పట్టుకుని, “నా బిడ్డ గట్లనదమ్మా, మీరు సక్కగ ఇన్నరా?” అంది. తల్లులంతా అనే మాటే అనుకుని చేయి విడిపించుకున్నాను. ఆ తల్లి చెయ్యి చెమటతో తడిసి ఉండటం ఇప్పటికీ గుర్తొస్తుంది, సిగ్గేస్తుంది.

నెల తిరిగాక మొదటిసారి చూపించడానికి నాయనమ్మ పిల్లను తెచ్చింది. తల్లి అప్పటికే వచ్చి లోపల బెంచీ మీద కూర్చుని ఉంది. పిల్ల గడప దాటిందో లేదో, నాయనమ్మ చెయ్యి విదిలించుకుని, “అవ్వా!” అని ఆఫీసంతా వినబడేట్టు అరిచి, పరుగెత్తుకుపోయి తల్లి ఒళ్ళో పడింది. నాయనమ్మ గడప అవతలే నిలబడి ఉంది. నేను ఆమె వంకా ఈమె వంకా చూశాను. అప్పుడు కూడా, నా పాడు బుద్ధి, తల్లి అలా పిలవమని ఎవరిచేతనో కబురుపెట్టి నేర్పించిందేమో అనుకున్నాను చూడండి. తర్వాత ఆపా దగ్గరికి పోయి, అవ్వ అంటే ఎవరని అడిగాను.

“గదేందమ్మా, ఈ ఊర్లల్ల అవ్వ అంటే కన్నతల్లే. నాయనను కన్న బాపమ్మ ఏరే, అవ్వ ఏరే. ఆ దినం నన్ను ఉండనియ్యకపోతిరి, ఉంటే జెప్పకపోదునా?” అంది ఆపా.

మా నెల్లూరులో అవ్వంటే నాయనమ్మో అమ్మమ్మో. నేను పుట్టినప్పటి నుంచీ వింటూ పెరిగిన ఆ మాటకు మరో అర్థం ఉంటుందని నాకు తోచనేలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గౌను మడతలనూ పుట్నాలనూ కన్నీళ్ళనూ శంకించినదాన్ని, నా చెవులను మాత్రం శంకించలేదు. ఆపా ఆనాడు చాయ్ తాగింది తన మేనమామ కొడుకుతోనట, అది కూడా అప్పుడే తెలిసింది. క్షమించమన్నాను. పోనియ్యండమ్మా అంది గాని, అంత తేలిగ్గా పోయే విషయం కాదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడే జడ్జిగారి ముందు నిలబడి, తప్పు విన్నానని చెప్పుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఇచ్చాను. నాయనమ్మ తరఫు వకీలు ఊరుకుంటాడా, ఒకనెల ఒకమాట మరునెల ఒకమాట చెప్పే ఈమెకు పరకాల వాళ్ళేం ముట్టజెప్పారో కనుక్కోవాలన్నాడు. కోర్టు హాలులో అందరూ నన్ను ఎగాదిగా చూశారు. నేను ఇన్నేళ్ళూ జనాన్ని అలాగే చూశానని ఆ పూట అర్థమైంది. వాయిదా మీద వాయిదా పడి, పిల్లను మళ్ళీ అడగడానికి ఏడు నెలలు పట్టింది. నెలకొకసారి ఆ పిల్లను తల్లి మెడ నుంచి విడదీసి నాయనమ్మకు అప్పగించే పని నాదే.

ఈసారి జడ్జిగారి గదిలోనే, ఆపాను పక్కన పెట్టుకుని, ఆయన కళ్ళెదుటే అడిగాను, ఎవరి దగ్గర ఉంటావు తల్లీ అని. పిల్ల ఎదిగింది, రెండు జడలు వేసుకుంది. నన్ను కిందికీ మీదికీ చూసింది. అది అయిదారేళ్ళ పిల్ల చూపు కాదు, అంగట్లో ఒకసారి మోసపోయిన మనిషి రెండోసారి తక్కెడ వంక చూసే చూపు.

“అప్పుడే జెప్పిన గద. నువ్వే బాపమ్మెంట పంపినవ్.”

మళ్ళీ ఎన్నిసార్లు అడిగినా, ఆపా బుజ్జగించినా, జడ్జిగారే కిందికి వంగి అడిగినా నోరు విప్పలేదు. జడ్జిగారు కలం మూసి, ఇంకేం అడగక్కరలేదన్నారు. పిల్లను తల్లికిచ్చారు. నాయనమ్మ తన కొంగున ఉన్న పుట్నాలు విప్పి పిల్ల గౌను జేబులో పోసి, అవి లంచం కావని నాకు అప్పటికిగాని తెలియలేదు, ధర్మసాగర్ బస్సెక్కింది. నేను పిల్ల తల నిమరబోతే తల్లి చాటుకు జరిగింది. నేను కోర్టు వరండాలోనే నిలబడి ఏడ్చాను, ఆపా మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఇప్పుడు పిల్లలతో మాట్లాడటానికి బొమ్మలున్న గదులున్నాయట, పట్టాలున్న కుర్రకారే కౌన్సెలర్లు, పై వాటా అమ్మాయి ఫైలులో ఎన్నో ప్రశ్నలు అచ్చువేసి ఉన్నాయి. నాలాగా పొరబడతారన్న భయం ఇక లేదు లెండి. పరకాల బస్సులోనూ ధర్మసాగర్ బస్సులోనూ ఏ పసివాడు ఏడ్చినా మమ్మీ అనే ఏడుస్తాడు, ఆ మాటకు నెల్లూరులోనైనా ఇక్కడైనా ఒకటే అర్థం. సంతోషించాల్సిందే. కానీ బస్సులో వెనక సీటు నుంచి పిల్లల గొంతు వినబడినప్పుడల్లా చెవి రిక్కిస్తాను, తల్లిని ఇంకా అవ్వా అని పిలిచే బిడ్డ ఒక్కతయినా ఉందేమోనని. చాలా ఏళ్ళయింది, ఒక్కరూ పిలవలేదు.