పెదనాన్నకు జబ్బు నయమైన ఏడాది

మొన్న పక్కింటావిడ తన భర్త ఛాతీ ఫిల్ము తెచ్చి చూపించింది. ఊపిరితిత్తిలో తెల్లటి గడ్డ. క్యాన్సరనే అనుకున్నారట. ముక్క తీసి పరీక్ష చేస్తే ఏదో అరుదైన బాక్టీరియా అని తేలిందట, మందులతో పోతుందట. ఆవిడ నవ్వుతుంటే నేనూ నవ్వాను కానీ, నా మనసు తోటపల్లి గూడూరులో మా పెదనాన్న మంచం దగ్గరికి పోయింది.

అరవైల మొదట్లో సంగతి. పెదనాన్నకూ మా నాన్నకూ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. రెండు మళ్ల మధ్య గట్టును పెదనాన్న మూరెడు ఇవతలికి జరిపాడని నాన్న కోపం. రెండిళ్లకూ ఒకటే గోడ. ఇటు నాన్న దగ్గితే అటు పెదనాన్న గొంతు సవరించుకునేవాడు, అంతవరకే రాకపోకలు. అలా ఉండగా పెదనాన్న చిక్కి శల్యమయ్యాడు, దగ్గితే కళ్లెలో నెత్తురు పడింది. మద్రాసులో ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తిలో రాచపుండు, అదే క్యాన్సరు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ సాయంత్రమే నాన్న జావ కాయించి తానే పట్టుకెళ్లాడు. "అన్నా, ఆ గట్టు నువ్వే ఉంచుకో," అన్నాడు. పెదనాన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆనాటి నుంచి నాన్న తిండీ మాటా అన్నీ అక్కడే. చిన్నప్పుడు ఉప్పుటేట్లో పీతలు పట్టబోయి వేళ్లు కొరికించుకున్న కథలు చెప్పుకుని, పెదనాన్నకు దగ్గు తెర వచ్చేదాకా నవ్వేవాళ్లు.

ఇంతలో ఆయన ఛాతీ మీద వాపు లేచి, పగిలి చీము కారింది. అందులో పచ్చటి రవ్వలాంటి పలుకులు. నెల్లూరు డాక్టరొకాయన వాటిని పరీక్ష చేసి, ఇది రాచపుండు కాదు, సూక్ష్మజీవి పని అన్నాడు. కాంపౌండరు నెలల తరబడి సైకిలు మీద వచ్చి పెన్సిలిన్ సూదులు వేశాడు. పెదనాన్న లేచి కూర్చున్నాడు, ఆపైన మెల్లగా నడిచాడు.

ఆయన తన కాళ్ల మీద మడిదాకా వెళ్లి గట్టు మీద నిలబడిన రోజు, నాన్న ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, "బాగైనాడు గదా. ఇంక నేను పోవాల్సిన పన్లేదు," అన్నాడు.

"అదేంది, బతికినందుకా కోపం?" అంది అమ్మ.

నాన్న కాళ్లు తుడుచుకుని లోపలికి పోయాడు. చచ్చిపోయే అన్నకు ఇచ్చిన గట్టు అది. బతికిన అన్న దాని మీద నిలబడితే చూడలేకపోయాడు. మా నాన్నే అయినా, ఆ ఒక్క విషయంలో నేను ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు.

పెదనాన్న సాయంత్రాలు వాకిట్లో నులకమంచం మీద, పక్కన చోటు వదిలి కూర్చునేవాడు. ఒకసారి నన్ను పిలిచి, "గట్టు యెనక్కి జరిపిస్తానని మీ నాయనతో చెప్పు పాపా," అన్నాడు. చెప్పాను. నాన్న విననట్టే ఉండిపోయాడు. ఆ సంగతే వెళ్లి చెబితే పెదనాన్న నవ్వబోయి, "ఆ డాక్టరు చీము చూడకుండా ఉంటే బాగుండు," అన్నాడు.

ఆ తర్వాత ఆయన పదిహేనేళ్లు బతికాడు. ఇప్పుడు తలుచుకుంటే, చచ్చిపోతాడని అందరం అనుకున్న ఆ కొద్ది నెలలే ఆయన నిజంగా బతికిన కాలమనిపిస్తుంది.